ఎవరికీ తెలియని పన్ను

ఉప్పునీళ్ళలో నాని, బూడిదలో వేగిన
ఆప్రికాట్ గింజలు
ఖుజంద్ బజారులో నలభై ఏళ్ళుగా అమ్ముతున్నాను.
పెంకు విచ్చి నవ్వుతున్నవే మంచివని
వచ్చినవాళ్ళందరికీ చెబుతాను.
మంగళవారం పొద్దున
నవ్వని గింజ ఒకటి నా చేతికొచ్చింది.
రాయి పక్కనే ఉంది.
అయినా పంటికిందే పెట్టాను.
అరవై రెండేళ్ళ పొగరు.

టక్ మంది.
గింజ పగిలిందనుకున్నాను.
నాలుక వెళ్ళి చూసొచ్చి
కాదంది.

ఆ రోజంతా నాలుకకి ఇంకో పని లేదు,
విరిగిన అంచు దాకా పోవడం, గీరుకుపోవడం, తిరిగి రావడం.
అద్దంలో చూస్తే చిటికెన గోరంత లేదు ఆ గొయ్యి,
నోట్లో మాత్రం గాడిదబండి పట్టేంత.

డాక్టరు పేరు మునీజా.
వాళ్ళమ్మ నా కొట్లో అప్పు పెట్టింది, ఇంకా తీర్చలేదు.
ఆ మాట ఎత్తలేదు నేను.
సూది ఆమె చేతిలో ఉంది.

పెదవి మొద్దుబారాక అడిగింది:
"పైన ఈ రెండు బంగారు పళ్ళు ఎప్పుడు కట్టించారు?
లోపల పుచ్చిపోయాయా?"
"ఆ" అన్నాను.
నిజం కాదు, అబద్ధమూ కాదు,
నోరు తెరుచుకున్నవాళ్ళకి మిగిలే ఒక్క అక్షరం.

అసలు సంగతేమిటంటే
పంతొమ్మిదేళ్ళప్పుడు, పెళ్ళికి పదిరోజుల ముందు
పుచ్చు లేని, నొప్పి లేని రెండు మంచి పళ్ళని
అరగదీయించుకుని బంగారం తొడిగించుకున్నాను.
అప్పట్లో అందరూ అంతే.
నవ్వితే ఇంటి కలిమి కనబడాలి.
మూడు శరత్తుల్లో ఏరిన పత్తి డబ్బంతా
నా పెదవుల వెనక మెరిసింది.
అంత పోసి కొన్న నవ్వు కదా, వాడకుండా ఎలా?
ఒకరి చావింట్లో కూడా నవ్వి
మా ఆడబిడ్డ చేత గిల్లించుకున్నాను.

మర తిరుగుతోంది.
పంటిపొడి వాసన, కొమ్ము కాలినట్టు.
నలభై మూడేళ్ళయినా గుర్తుపట్టాను.
అప్పటిది మంచి పన్ను, ఇది చెడ్డ పన్ను,
పొడి అయ్యాక ఒకటే వాసన.

"దీనికీ బంగారమే పెట్టు" అన్నాను
మాట తిరిగొచ్చాక.
"తెల్లది పెడతానమ్మా.
పక్క పళ్ళ రంగులో కలిసిపోతుంది. ఎవరికీ తెలియదు."

ఎవరికీ తెలియనిదానికి
ఇంత డబ్బా?

పట్టుకొట్లో నమూనాలు పరిచినట్టు
చిన్న చిన్న పళ్ళ వరస తెచ్చి నా పెదవి పక్కన పట్టింది.
అన్నీ తెలుపే, ఏదీ ఒకటి కాదు.
పాలలా ఉన్నదాన్ని వేలితో చూపించాను.
"అది మీది కాదు" అంది, మెల్లగానే.
చివరికి నాకు కుదిరింది
టీ గిన్నె అడుగున మిగిలే తెలుపు.

పది రోజులు తాత్కాలికపు తొడుగు.
కుడివైపే నమిలాను. రొట్టెని టీలో ముంచి
పసిపిల్లలా చప్పరించాను.
పదకొండో రోజున అసలుది దించి
నీలికాగితం పళ్ళ మధ్య పెట్టి "కొరకండి" అంది.
నీలిమచ్చ పడ్డచోట కాస్త గీకింది.
మళ్ళీ కొరకండి. మళ్ళీ.
పక్క కొట్టువాడితో
హద్దు తేల్చుకున్నంత సేపు పట్టింది.

పన్నులు వేసేవాళ్ళే కిరీటాలు పెట్టుకుంటారనుకునేదాన్ని.
ఇక్కడ పన్నుకే కిరీటం.
కట్టింది మాత్రం నేను,
ఆరు వందల సొమొనీలు, రెండు వాయిదాల్లో.
వాళ్ళమ్మ అప్పు అందులో తీసేయమనాలని
నోటిదాకా వచ్చింది.
కొత్త పన్ను కదా,
దాని కింద నలిగి ఆగిపోయింది.

సాయంత్రం బజారులో
ఎండుద్రాక్ష అమ్మే ఓయ్‌ఖాన్
"ఏదీ, నోరు తెరువు" అంది.
తెరిచాను.
వంగి చూసింది. నా గడ్డం పట్టుకుని
వెలుతురు వైపు తిప్పి చూసింది.
బంగారం రెండూ కనబడ్డాయి.
"కొత్తది ఏది?"

వెతుక్కోమన్నాను.
రాయి తీసుకుని
నవ్వని గింజని కొట్టాను.