పలుకు

కాశీబుగ్గ బస్టాండు పక్క
టైపు మిషను ముందేసుకుని
ఇరవై రెండేళ్లుగా అర్జీలు రాస్తున్నాను.
వినయమే నా వ్యాపారం.
"తమరి పాదసన్నిధికి" అన్నమాట
కళ్లు మూసుకున్నా కొట్టేస్తాయి నా వేళ్లు.

దాలమ్మ తెచ్చిన కాగితం మడతల్లో
జీడినూనె మరక.
చదవమంది.

"ప్రియమైన శ్రామిక సోదరీమణులకు,
మనదంతా ఒకే కుటుంబం.
మార్కెట్టు మన చేతుల్లో లేదు.
కావున కిలోకి రూపాయిన్నర తగ్గించుకుని
సంస్థను మీరే కాపాడుకోవాలని ప్రార్థన."

బాగా రాశాడే అనుకున్నాను,
తోటి పనివాడిగా.

"మల్లీ సదువు బాబూ, మెల్లగా."

ఈసారి తల పక్కకి వంచింది,
పిక్కని చెవి దగ్గర ఆడించినట్టు.
లోపల పలుకుందో, పుచ్చిందో
చేతికి కాదు, చెవికి తెలుస్తుందట.

"మొదట 'మనం' అన్నాడు.
తగ్గించుకోడం కాడికొచ్చేసరికి 'మీరు' అయిపోనాం.
ఆ మద్దిలో ఎక్కడ దిగిపోనాడో సూడు."

చూశాను.
'కావున' దగ్గర.

"ప్రార్థనంట!
దండమెట్టినోడి గొంతు కిందనుంటాది.
ఇది మేడ మీంచి వస్తంది."

జవాబు రాయమంది.
అలవాటుగా "తమరి పాద" దాకా కొట్టాను.
వేళ్లు నల్లబడిన చెయ్యొకటి కాగితం మీద పడింది.
"అదీ పుచ్చుపిక్కే."

చివరికి మిగిలినదింతే:
రోజుకి పన్నెండు కిలోలు ఒలుస్తాం.
మీరన్నట్టు తగ్గిస్తే పద్దెనిమిది రూపాయలు పోతాయి.
ఒప్పుకోం.
ఇట్లు, నలభై ముగ్గురం.

మరీ కోపంగా లేదూ, అన్నాను.

"నేదు," అంది,
"లెక్కగా ఉంది."

పేజీకి ముప్పై నా రేటు.
పావు పేజీ కూడా నిండలేదు.