ఐదున్నర

నార్కట్‌పల్లి దాటినంక హైవే అంచుకు మా కాలేజీ.
లారీ పోయినప్పుడల్లా క్లాసు అద్దాలు
పటపట పండ్లు కొరుకుతయి.
మూడో సంవత్సరం పిల్లలు, పొద్దున తొమ్మిది,
సగం మందికి హాస్టలు ఇడ్లీ ఇంకా పంటి సందుల్లనే ఉన్నది.
మంచిదే అన్న, ఇయ్యాల్టి పాఠం అదే.

బోర్డు మీద ఒక గీత గీసిన.
ఏడు దగ్గర సాఫీగా పోతున్న గీత
బెల్లం ముక్క తగలంగనే
తడి బండ మీద కాలు జారినట్టు దబ్బున కిందికి.
మళ్లా పైకి ఎక్కాలంటే మాత్రం
ముసలెద్దు నడక, అరగంట, ముప్పావుగంట.
నడుమ అడ్డంగా చుక్కల గీత: ఐదున్నర.
దాని కిందికి దిగితే పన్ను కరుగుడు షురువైతది.
దాని పైన ఉంటే, పోయిన సున్నాన్ని ఉమ్మి
రవ్వ రవ్వ తెచ్చి పూడుస్తది.
ఎవ్వలకూ కనబడని మేస్త్రి.
వానికి కావలసింది కూలి కాదు, కొంచెం తెరిపి.

"ఎంత తీపి తిన్నవని అడగకుండ్రి,
ఎన్నిసార్లు తిన్నవని అడుగుండ్రి."
కట్టంగూరు డ్రైవరొకాయన నిరుడు చెప్పిండు,
విజయవాడ పోయిరాను పదకొండు చాయలని.
పదకొండు సార్లు జారిన గీత.
ఒక్కసారన్న ఎక్కనిచ్చిండా?

పదిన్నరకు ఓపీ. కుర్చీల అండాలమ్మ,
మునుగోడు నుంచి మొదటి బస్సుకు వచ్చింది,
ఒక బుగ్గ బూరె లెక్క ఉబ్బి.
"వాకుడు గింజల పొగ వట్టించుకున్న సారూ.
గిన్నెల నీళ్లల్ల మూడు పురుగులు వడ్డయి,
నా కండ్లతోని చూసిన."
ఎనుక నుంచి కిసుక్కున నవ్వు.
తిరిగి చూసిన, ఆగింది.
వరండాల నిలబెట్టి చెప్పిన:
ఆమె మాటల తప్పు సైజు ఒక్కటే.
బతికున్నదేదో లోపల ఉన్నది,
ఆమె తిన్నదే తింటున్నది, పులుపు కక్కుతున్నది.
ఆమె మూడని లెక్కవెట్టింది.
మీరు లెక్కవెట్టలేరు, అంతే తేడా.

పీకిన పన్నొకటి గాలి కొట్టి ఆరబెట్టి
తెల్లమచ్చ చూపిచ్చిన.
ఇది ఇంకా బొక్క కాదు. పైపొర నిలబడే ఉన్నది,
లోపల గుల్ల. ఇక్కడ సూదిమొన గుచ్చకుండ్రి.
మమ్మల్ని గుచ్చమన్నరు. గుచ్చినం.
మానిపోయే మచ్చలు ఎన్నిటిని బొక్క చేసిన్నో
ఆ లెక్క ఏ రిజిస్టర్ల లేదు.

మధ్యాహ్నం ఫ్లోరైడు.
కొంచెం ఉంటే ఆ చుక్కల గీత నాలుగున్నరకు దిగుతది,
పన్ను ఇంకింత ఓర్చుకుంటది, అన్న.
చివరి బెంచీల నవనీత లేచింది.
మర్రిగూడ దిక్కు పిల్ల,
మాట్లాడితే ఎడమచెయ్యి నోటికి అడ్డం.
"సార్, మా నాయినకు ఒక్క పన్ను పుచ్చలే.
ముప్పై ఏండ్లు ఆ బోరునీళ్లే తాగిండు.
పిలిస్తే మెడ తిప్పడు సార్,
మొత్తం మనిషే తిరుగుతడు."

ఫ్యాను చప్పుడు.
స్లైడు మీద నీలం బాణాలు, అన్నీ ఒకటే దిక్కుకు.
మోతాదు, అన్న.
ఆ మాట బయటికి రాకముందే
నా నోట్లె కొంచెం కరిగింది.

శనివారం రికార్డులు దిద్దుతున్న.
అందరి బొమ్మలల్ల ఎనామిల్ అంటే
రంగెయ్యకుండ ఇడిచిన కాయితం.
నవనీత గోధుమరంగు పెన్సిలు పట్టి
ఒక్కొక్క చార అడ్డంగ, ఓపికగ దిద్ది,
కింద గుండ్రటి అక్షరాలతోని రాసింది:
పుచ్చు లేని పన్ను.

ఎర్రపెన్ను మూత తీసిన.
బయట లారీ పోయింది, అద్దాలు కొరికినయి.
మూత పెట్టి, జేబుల నీలంపెన్ను కోసం ఎతికిన.