జత

ఏసురత్నం పెట్టె మోసుకొచ్చి బల్లమీద దించినాడు.
"గొంతు పోయిందన్నా దీనికి.
ఆదివారం రెండో పాటకే పీలగా అయిపాయ,
మూడో పాటకు లోపల ఎర్రగా కనపడె."

ట్యూబు నడిమధ్యన దారం లాంటి నారింజ వెలుగుంటే
అది ఆరోగ్యం.
ప్లేటు రేకే ఎర్రబడితే జ్వరం.

గుంతకల్లులో ఈ గిటారు పెట్టె ఎట్లా మిగిలిందంటే,
ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు ఆగిపోయినాక
విల్‌ఫ్రెడ్ డ్రైవరు హుబ్లికి బదిలీ అయి,
ఇన్ని రైళ్ళు నడిపినోడు దీన్ని రైలెక్కించలేక
లోకోషెడ్డు ఫిట్టరుకు ఇచ్చిపోయినాడు.
ఆ ఫిట్టరు ఏసురత్నం నాయన.

బెంగుళూరు నుంచి కొత్త ట్యూబులు తెప్పించినాడు.
అట్టపెట్టె మీద స్టిక్కరు: జత.
రెండింటికీ ఒకే అంకె, పేనాతో.
ఆ పేనా ఎవరిదో.
"పెట్టేసి ఇయ్యన్నా, సాయంత్రం ప్రాక్టీసుంది."
పెట్టేస్తే అయిపోయేదానికి నేనెందుకప్పా?

కొన్ని పెట్టెలుంటాయి,
ఏ ట్యూబు పెట్టినా వాటికవే సర్దుకుంటాయి,
ఎక్కువ తాగబోతే తామే పగ్గం బిగించుకుంటాయి.
ఇది ఫిక్స్‌డ్ బయాసు.
పేరు చూసి మోసపోతారు జనం.
ఫిక్స్ అయ్యుండేది పగ్గం ఒక్కటే.
కట్టేసింది దూడనా, కోడెనా దానికి తెలీదు.
ఎవరొచ్చినా అదే మైనస్ ముప్పై ఎనిమిది.
సర్దాల్సింది మనం. ట్యూబు మారిన ప్రతిసారీ. చేత్తో.

ఎడమచెయ్యి జేబులో పెట్టుకొని స్విచ్చేసినా.
నాలుగొందల అరవై వోల్టులు మొగమాటపడవు.
మొదటిది, ముప్పై ఏడు.
రెండోది, యాభై ఒకటి.
స్టిక్కరు మీద జత, మీటరు మీద పగోళ్ళు.
తిప్పేదానికి ఇద్దరికీ ఒకటే స్క్రూ.
రెండోదాన్ని అణిస్తే మొదటిది చల్లబడి
గొంతులో జొన్నపొట్టు ఇరుక్కున్నట్టు గరగరమంటాది.
మొదటిదాన్ని లేపితే రెండోది కాలిపోతాది.

మా నాయన ఎద్దుల్ని కొనేటప్పుడు
రంగు కలిసిందని దుడ్డు తీసేవాడు కాదు.
పండ్లు చూసి, నడిపించి,
ఒకే కాడికి కట్టి, వంకలో ఇసక బండి లాగించి,
అప్పుడు తడిమేవాడు నడుంకాడ సంచి.

మంచం కింద ట్రంకు లాగినా.
టాకీసు మూసేసినప్పుడు దాని ఆంప్లిఫైరులో ఊడబీకి
పాత పంచెలో చుట్టిపెట్టిన ఆరు.
రెండింటికి తల మీది వెండి పోయి పాలిపోయినాది.
అంటే గాలి దూరింది, పారెయ్.
ఒకటి ఊపితే గలగల.
ఒకటి ఇరవై తొమ్మిది, ఒకటి నలభై నాలుగు.
ఆఖరుది, దుమ్ము తుడిస్తే
అచ్చరాలు కూడా పోయినాయి దాంతో,
ముప్పై ఎనిమిది.

"ఒకటి కొత్తది, ఒకటి పాతది... బాగుంటాదా అన్నా చూసేదానికి?"
"వెనక మూతేస్తాం కదప్పా."

అయినా అప్పుడే ఇయ్యలేదు.
పగలు శెనక్కాయ చేన్లకు కరెంటిచ్చినప్పుడు
గోడలో రెండొందల ఐదు.
రాత్రి మోటర్లు ఆగినాక రెండొందల యాభై.
మధ్యాన్నం సరిచేసిన పెట్టె
రాత్రి ఆరాధనలో కాలిపోతే తిట్లు నాకే.
ప్రాక్టీసు పాయ.
ఉగ్గాని, బజ్జీ తెప్పించుకొని కూచున్నాం.
హౌరా పోయె, గూడ్సు రెండు పోయె.
తొమ్మిదిన్నరకు మీటరు ముల్లు లేచింది.
అప్పుడు స్క్రూ తిప్పినా, వెంట్రుకంత, ఇంకో వెంట్రుకంత.
ముప్పై ఆరు దగ్గర ఆపినా.
నలభై దాకా పోవచ్చంటారు.
పోవచ్చు, వాళ్ళ ఊర్లో.

నిలబడినప్పుడు కలిసినోళ్ళు పరుగులో కలుస్తారని కాదు.
"గట్టిగా వాయించు" అన్నా.
వాయించినాడు.
అలమర్లో సోల్డరు డబ్బా కదిలింది,
ఎదురింట్లో లైటు వెలిగింది.
దీపమార్పి లోపలికి తొంగిచూసినా.
నారింజ, నారింజ.

టేపు ముక్క మీద తారీఖు రాసి అతికించి
"మూడు నెల్లకు తీసుకురా" అన్నా.

యాభై ఒకటిని పంచెలో చుట్టి ట్రంకులో పెట్టినా.
దాంట్లో తప్పేం లేదు, దాని జోడు ఇంకా దొరకలేదు, అంతే.
దాని డబ్బుల సంగతి ఏసురత్నం అడగలేదు.
నేనూ ఎత్తలేదు.