మాగబెట్టే గదిలో ఏడు పాటలు

జూలై ఆఖరుకు గుజ్జు ఫ్యాక్టరీ మూసేస్తారు.
తోతాపురి లోడ్లు నిలిచిపోతాయి.
గేటు పక్కన టెంకల గుట్ట మీద ఈగలు మాత్రం
సీజన్ ఇంకా ఉందనే అనుకుంటా ఉంటాయి.

"తొమ్మిదికి రండి, తెల్లారి నాలుక్కంతా పోండి.
ఓనరు అడిగితే మీరెవరో నాకు తెలీదు"
అన్నాడు వాచ్‌మన్ ఏకాంబరం.
బాడిగ రోజుకొక బిర్యానీ పొట్లం,
ఆఖర్న ఒక పాటలో తన పేరు.

అంతకు ముందు మిట్టూరులో మేడ గది.
మూడు రోజులు వాయించినాం.
నాలుగో రోజు కిందింటి టీచరమ్మ
దిద్దాల్సిన పేపర్ల కట్ట పట్టుకొని మెట్లెక్కి వచ్చింది.
ఏమీ అనలేదు.
ఆ సాయంత్రమే డ్రమ్ములు ఆటోకెక్కించినాం.

మాగబెట్టే గదికి కిటికీలు లేవు.
ఇర్ఫాన్ వాళ్ళ కొట్టు నుంచి
నాలుగు వందల ముప్పై గుడ్ల అట్టలు తెచ్చి గోడలకు కొట్టినాం.
కాయలు పోయి వారమైనా వాసన పోలేదు;
బేస్ తీగలకు పట్టింది,
మైకు జాలీకి పట్టింది,
ఇంటికి పోతే మా అమ్మ నన్ను వాసన చూసి
"ఓవర్‌టైమా?" అని అడిగింది.
అవునన్నాను.

సీజన్లో నేను డబ్బాలకు మూత బిగించే మిషన్ దగ్గర ఉంటాను.
టక్కు టక్కు టక్కు, ఉస్స్.
టక్కు టక్కు టక్కు, ఉస్స్.
మొదటి పాటకు తాళం నేను కట్టలేదు,
రెండు నెలలుగా నా మోచేతుల్లో ఉన్నిందే.

చెంగల్రాయుడు పగలంతా గ్రానైట్ కోస్తాడు.
గిటారు పట్టుకుంటే
రాయి ఎక్కడ పగలాలో చూసినట్టు చూస్తాడు.
కొన్ని రాత్రులు ఒక్క స్వరమే గంటసేపు.
ఇర్ఫాన్ బేస్ పక్కన పెట్టి నిద్రపోయినాడు.

మాటలు కుదరలేదు.
ప్రేమ అని రాస్తిమి, నవ్వొచ్చె.
విప్లవం అని రాస్తిమి, ఇంకా నవ్వొచ్చె.
దయామణి బ్యాగులోంచి వాళ్ళ నాయన తూకం చీటీ తీసింది.
"తొమ్మిది టన్నుల ఎనభై కిలోలు
మచ్చకు కోత
తేమకు కోత
హమాలీ కోత"
చర్చిలో పదేళ్ళు వెనక వరసలో నిలబెట్టిన గొంతు అది.
మూడో కోత దగ్గర విరిగింది.
తను ఆపలేదు.
మేమూ ఆపలేదు.
రెండో టేకు ఎవరూ అడగలేదు.

ఇంక ఆ కంప్రెసర్.
పక్క గదిలో ఎగుమతి డ్రమ్ములుండాయి,
దాన్ని ఆపేదానికి లేదు.
దుప్పట్లు కప్పినాం, గోనెలు తడిపి కట్టినాం,
మైకును బతిమాలినాం.
ప్రతి పాట కింద అదే, నిద్రలో ఎనుము ఊపిరి మాదిరి
మ్మ్మ్మ్మ్.
ఆరో రాత్రి చెంగల్రాయుడు
చెవి గోడకు ఆనించి, మరలు తిప్పి,
తీగలన్నీ దాని కాడికి దించేసినాడు.
ఏ పెట్టెలోనూ లేని శ్రుతి,
రెండు మెట్ల నడమ సందు.
మళ్ళీ మొదట్నించీ వాయించినాం.

చెన్నైలో మిక్సింగ్ చేసినాయన మంచోడు.
కష్టపడి ఆ హోరంతా కడిగేసి పంపినాడు.
హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్నాం:
ఏడు పాటలూ నేల కనపడక
కాళ్ళాడిస్తా ఉండాయి.
"అన్నా, మురికి మళ్ళీ పెట్టు" అని ఫోన్ చేసినాం.
నవ్వినాడు. ఇంకో రెండు వేలు అడిగినాడు.

ఏకాంబరం పేరు ఏ పాటలోనూ ఇమడలేదు.
మూడో పాట చివర ఆయన దగ్గు ఉంది,
తెల్లారుజామున తలుపవతల దగ్గింది, అది ఉంచేసినాం.
అది చూపించను పోతిమి.
గేటు దగ్గర కుర్చీలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు.
దగ్గు దాకా రానే లేదు,
లేచి, లోపలి షెడ్డు దిక్కు చూసి
"డ్రమ్ములు పోయి నాలుగు దినాలాయె,
నా చేత్తోనే ఆపితినే మిషన్ను" అంటా
తాళాలు వెతుక్కున్నాడు.