నీలిమూత డబ్బా

ఇంగ్లాండు ఉత్తరాన ఓ ఊరి చెత్త
నానక్‌రామ్‌గూడ నాలుగో అంతస్తులో
నా చేతుల మీదుగా కదుల్తుంది.
ఊరి పేరు చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు.
చెప్పినా మీకు పలకరాదు.
రాసిన అక్షరాల్లో సగం మింగెయ్యాలని
రెండు వారాలు నేర్పింది సబీహా మేడమ్.
పొల్లు కూడా వదలని నాలుక నాది,
ఇప్పటికీ ఆ ఊరు నా నోట్లో ఓ అక్షరం ఎక్కువే.

మొదటిరోజు ఒకాయన "లవ్" అన్నాడని
ఠక్కున ఫోన్ పెట్టేశా.
తర్వాత తెలిసింది, అక్కడ డెబ్భై ఏళ్ల అవ్వ కూడా
బస్సు డ్రైవర్ని అలాగే పిలుస్తుందట,
మనం ముక్కూమొహం తెలీని పిల్లని
"అమ్మా, కొంచెం జరుగు" అన్నట్టు.

మూడు డబ్బాలు వాళ్లకి.
నీలిమూత కాగితాలకి, గోధుమరంగు మూత గడ్డికి,
నల్లమూత, ఇంకేదీ కాని దానికి.
మూత రెండు వేళ్లు లేచి ఉందని
లారీ ముట్టుకోకుండా పోయిందట.
స్కేలు పెట్టి కొలిచి, ఫోటో తీసి పంపాడొకాయన.
మా బోడుప్పల్ సందులో
పొద్దున్నే పాట పాడుకుంటూ చెత్త ఆటో వస్తే
మా అమ్మ పెయింటు బకెట్టు పట్టుకుని
చెప్పుల్లేకుండా ఉరుకుతుంది.
మూతా?
బకెట్టుకి పిడే లేదు.

"నాట్ టూ బ్యాడ్" అంటే బాగుందని.
"క్వైట్ గుడ్" అంటే అంత బాలేదని.
"ఐయామ్ నాట్ బీయింగ్ ఫన్నీ, బట్" అని మొదలైతే
హెడ్‌సెట్ కాస్త దూరం జరుపుకోవాలి.
కెటిల్ పెట్టొస్తా ఉండమంటే
ఆ కాల్ ఇప్పట్లో తెగదు.
ఇవన్నీ నోట్‌బుక్కు వెనక పేజీలో రాసుకున్నా,
పాల లెక్క పక్కన.

వేడినీళ్ల నల్లా ఒకటి, చన్నీళ్ల నల్లా ఒకటి,
రెంటి మధ్యా జానెడు దూరం.
ఒకటి కాలుస్తుంది, ఒకటి కొరుకుతుంది.
మరి చేతులెట్లా కడుక్కుంటారండీ అని
స్క్రిప్టులో లేని ప్రశ్న అడిగేశా ఒకావిణ్ణి.
చాలాసేపు ఆలోచించింది.
"గబగబా," అంది.

మే నెలలో ఇరవయ్యేడు డిగ్రీలొచ్చాయని
ఊరంతటికీ నిద్ర లేదు.
డబ్బాలో పురుగులు, ఒంట్లో నీరసం,
ఇంక బతకలేనమ్మా అంటాడు పెద్దాయన.
బయట మాకు నలభైమూడు.
లోపల ఏసీ పద్దెనిమిది.
స్వెట్టర్లో వణుకుతూ, ముక్కు తుడుచుకుంటూ
నీళ్లు బాగా తాగండి సార్ అన్నా.

మార్చి ఆఖరి ఆదివారం
వాళ్లు గడియారాన్ని ఓ గంట ముందుకి తోస్తారు.
తోస్తే తోసుకోనీ,
సోమవారం బోడుప్పల్లో నా పప్పన్నం
పన్నెండున్నర నుంచి పదకొండున్నరకి వచ్చి పడుతుంది.
క్యాబ్ యాదగిరికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు:
"టైమును జరుపుడేందక్కా, మంచమా?"

అన్నిటికన్నా ఆ సారీ.
చెత్త మేం ఎత్తకపోతే వాళ్లే సారీ.
నా లైను గరగరమంటే వాళ్లే సారీ.
అంటుకుంది.
మొన్న అమీర్‌పేట మెట్రోలో ఒకతను నా కాలు తొక్కితే
నేను సారీ చెప్పా.
"పర్లేదు" అన్నాడు, పెద్దమనసు చేసుకుని.

నిన్న సెలవు. సికింద్రాబాద్ ఇరానీ హోటల్లో
కౌంటరు మీద పదిచేతులు ముసురుకుంటే
మూడడుగుల వెనక
నేనొక్కదాన్నే లైనుగా నిలబడ్డా.
లైనంటే కనీసం ఇద్దరుండాలి కదా అనిపించింది గానీ
కాళ్లు కదల్లేదు.
పావుగంట. చాయ్ లేదు.
హెల్మెట్ చంకలో పెట్టుకుని ఓ పెద్దమనిషి
నా వెనకొచ్చి ఆగి, మెల్లగా అడిగాడు:
"ఇది దేనికమ్మా లైను?"
సారీ అన్నా.
ఆయన కదల్లేదు.
ఆయన వెనక ఇంకెవరో దగ్గారు.