అనాగతం

మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
లీడ్స్‌లో వాన కిటికీ అద్దాన్ని తిశ్రంలో కొడుతోంది.
పద్నాలుగు కుర్చీల గది, తొమ్మిదిమందిమి,
తడి కోట్ల వాసన,
బోర్డు మీద ఈ వారం ప్రశ్న:
వర్తమానం ఎంత పొడుగు?

హెదర్ అక్రాయిడ్ మార్కర్‌కి మూత పెట్టి మావైపు తిరిగింది.
బల్ల కింద నా మోకాలి మీద
చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు
అప్పటికే ఆదితాళం లెక్కపెడుతున్నాయి.
ముప్ఫై ఏళ్ల దురలవాటు.

దానికి పొడుగే లేదన్నాడు ఓవెన్.
కత్తి అంచులాంటిదట.
ఇటు గడిచింది, అటు రానిది,
మధ్యలో నిలబడ్డానికి చోటు లేదు.
చెయ్యెత్తాను.
"చాపుకి పొడుగుంది" అన్నాను.
"కొట్టి చెయ్యి తీసేశాక కూడా అది అక్కడే ఉంటుంది."
ఎవరైనా నవ్వితే బాగుండేది.
అందరూ రాసుకున్నారు.

ఇంటికొచ్చి బొంబాయి రవ్వ తడిపాను.
మృదంగం ఎడమ మూత మీద ముద్ద అద్ది,
బొటనవేలితో అంచులు పాముతూ
గొంతు సరిగ్గా దిగిందో లేదో చెవి ఆనించి వింటుంటే
పక్కింటి బ్రెండా గోడ మీద తట్టింది,
పది దాటిందని.
తను ఎప్పుడు తట్టినా అరక్షరం వెనకే.
మావాళ్లు దీనికి పేరు పెట్టారు, బ్రెండా:
పాట ముందొచ్చి తాళం వెనక పడితే అతీతం,
తాళం ముందు పడి పాట వెనకొస్తే అనాగతం.
ఓవెన్‌కి అటూ ఇటూ ఉన్న రెండు కాలాలూ
నాకు రెండు ఎత్తుగడలు.

ఇదంతా మూడువేల మాటల్లో రాశాను.
యాభై ఎనిమిది మార్కులొచ్చాయి.
మార్జిన్‌లో ఆకుపచ్చ సిరా:
"అందంగా ఉంది. కానీ ఇది అనుభవం, వాదన కాదు.
తీర్మానం ఎక్కడ?"

తీర్మానం!
మాలో అది మూడుసార్లు వాయిస్తేగాని తీరదమ్మా.
మొదటిసారి వింటారు, రెండోసారి అనుమానిస్తారు,
మూడోది వచ్చి సమం మీద పడితే
హాలు మొత్తం తలాడిస్తుంది,
రుజువు చూపించమని ఎవరూ అడగరు.
(అడగాలేమో. ఆ సంగతీ ఈ చదువు వల్లే తట్టింది.
ఇన్నేళ్లూ ఆ తలలు చూసి నిజమనుకున్నాను.)

శనివారం బ్రాడ్‌ఫర్డ్‌లో, ఓ స్కూలు హాల్లో,
ఇందుమిత్ర అరంగేట్రం.
డెబ్బైరెండో నంబరు బస్సులో
మృదంగం ఒళ్లో పెట్టుకుని వెళ్లాను.
నాలుగో అంశం. ఎత్తుగడ తాళానికి ఒకటిన్నర అక్షరం వెనక.
తాళం పడింది.
పాట ఇంకా రాలేదు.
నా కుడిచెయ్యి గాల్లో ఉంది.
అంతలోనే
రేడియేటర్ టిక్కుమంది,
ఎవరి బాబో చిప్స్ పొట్లం చించాడు,
పిల్ల మెడ మీద చెమట బొట్టు జారింది,
వెనక ఫైర్ డోరు ధడాల్న మూసుకుంది.
అదే పిలుపనుకుని పిల్ల కాలు లేపేసింది,
అరక్షరం ముందు.

ఆలోచించానని చెప్పలేను.
ఎడమచెయ్యి తనే వెళ్లి
లెక్కలో లేని చోట ఒక గుమ్కీ వేసింది,
ఆ కాలు అక్కడే పడాల్సినట్టు.
పాట వచ్చి దాని మీద కూర్చుంది.
ముందు వరసలో వాళ్ల నాన్న
ఫోనెత్తి వీడియో తీస్తూనే ఉన్నాడు.
ఎవరికీ తెలీలేదు.
పిల్ల మాత్రం తిరుగుతూ తిరుగుతూ
ఒక్క లిప్త నావైపు చూసింది.

మళ్లీ మంగళవారం.
ఈసారి రుజువుతో వచ్చాను,
ఒకటిన్నర అక్షరం పొడుగున్న వర్తమానంతో.
బోర్డు మీద ప్రశ్న మారిపోయింది:
ఎదుటివాళ్లకి మనసుందని మనకెలా తెలుసు?

తెలీదు, ఊహించుకుంటాం, అంటున్నాడు ఓవెన్.
నా చెయ్యి సగం లేచి ఆగింది.
హెదర్ చూసింది.
"చెప్పండి, హైమా."
తాళం పడింది.
మాట ఇంకా రాలేదు.