రెండో గుండీ దగ్గర

ఆయన చొక్కాకి కాలర్ మైకు పెట్టేది నేనే.
రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య.
పదకొండేళ్ళుగా ఆ చోటు నా వేళ్ళకి తెలుసు.

లబ్బీపేట, నాలుగో అంతస్తు.
రాత్రి తొమ్మిదింటికి
దరువూరి శివరామసుబ్బారావు గారు
దేవుడు లేడని చెబుతారు.
శని, ఆదివారాలు సెలవు.
ఆ రెండ్రోజులూ దేవుడికి డ్యూటీ అని
కంట్రోల్ రూంలో మా జోకు.

"పేరులో ముగ్గురు దేవుళ్ళని పెట్టుకుని ఈ మాటలేంటండీ?"
పటమట నుంచి ఒకాయన ఫోను.
"మా నాన్న పెట్టిన అద్దెదార్లు బాబూ,
ఖాళీ చేయించాలంటే గెజెట్ ఖర్చు."

వాస్తు పండితుణ్ణి
కృష్ణ ఏ మూల నుంచి పారితే మంచిదో అడిగారు.
పాస్టరు గారిని
స్వస్థత నూనె సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ ఏదని అడిగారు.
ఆ సీసా మా అమ్మ తలగడ కింద ఉంది.
మూడు రోజులు మాట్లాడకుండా మైకు పెట్టాను.
ఆయన గమనించారు,
మెడ కాస్త ఎత్తి పట్టుకున్నారు, అంతే.

దసరా వెళ్ళిన మర్నాడు
బందరు రోడ్డంతా ఎరుపు.
ఇరుముళ్ళు, గజ్జెలు, "జై భవానీ"లు
అద్దాలు దాటి మైకుల్లోకి దూరాయి.
ఎనభై హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశాను.
డప్పులు పోయాయి.
భవానీలు పోలేదు.

యాడ్ బ్రేకులో ఆయనకి ఫోనొచ్చింది.
గుంటూరు పెద్దాసుపత్రిలో చెల్లెలు.
మైకు ఆన్‌లోనే ఉంది, నా చెవుల్లో మాత్రమే.
సంగతి పసిగట్టిన కిశోర్ వంద నోటు బల్ల మీద పెట్టాడు:
"దేవుడా అంటాడు చూడు, ఇప్పుడంటాడు."

"ఏ వార్డు?
పద్దెనిమిది వేలా, ఎనిమిదా? రిపోర్టు సరిగ్గా చదువు.
పిల్లలు తిన్నారా?"

తర్వాత గుడ్డకి ఏదో రాసుకుంటున్న చప్పుడు.
గుండె అనుకుంటాను.
కిశోర్ తన నోటు తనే జేబులో పెట్టుకున్నాడు.

షో అయ్యాక మైకుతోనే దిగిపోయారు.
నేను హెడ్‌ఫోన్ తీయలేదు.
మెట్లు, గేటు, ఊరేగింపు,
తెగుతూ, అతుక్కుంటూ ఆయన గొంతు:
"ఓ నెగెటివ్ ఎవరైనా ఉన్నారా అమ్మా?
అన్నా, ఓ నెగెటివ్?"

ఎవరో కుర్రాడు ఆగాడు.
"నాదదే. దీక్షలో ఉన్నా సార్, ఇవ్వొచ్చా?"

ఇక్కడ ఆయన ఏమైనా అనొచ్చు.
పదకొండేళ్ళుగా అంటున్న మాటే అనొచ్చు.
"నాకు తెలీదు నాన్నా," అన్నారు,
"మీ గురుభవానిని అడుగు. నేను ఆగుతాను."

ఆ జనంలో ఫోను కలవలేదు.
కారు తలుపు చప్పుడు విన్నాను,
గజ్జెలు లోపలికెళ్ళి ఆగడం విన్నాను.
వారధి వైపు తిరిగేసరికి సిగ్నల్ పోయింది.

ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని
ఆయన చెల్లెలి కోసం ప్రార్థన చేశాను.
ఆయన్ని అడక్కుండా.
ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టినట్టు
భయం భయంగా.

మూడో రోజు ఆవిడ పోయింది.

ఏడో రోజు ఆయనొచ్చారు, మాసిన గడ్డంతో.
మైకు పెడుతూ చెప్పేశాను, ఇలా చేశానండీ అని.
కోప్పడతారనుకున్నా.
"ఆ కుర్రాడి ప్లేట్‌లెట్లూ చాల్లేదు యేసురత్నం.
వాడి మీద నాకు కోపమా?
నీ మీదెందుకుంటుంది?"

చొక్కాకి రెండో గుండీ ఊడిపోయి ఉంది.
ఎవరూ కుట్టలేదు కాబోలు.
మొదటి గుండీ దగ్గర పెట్టాను.

తొమ్మిదయింది. దేవుడు లేడన్నారు.
ఫేడరు పాత గీత మీదే ఉంది.
గొంతు మాత్రం
కాస్త దగ్గరగా వినిపించింది.